మిగతా 165 గంటల సంగతి

(హైదరాబాద్‌లో మందు, డ్రగ్స్ అలవాటు మాన్పించే డీఅడిక్షన్ గ్రూపులు నడిపే ఒక కౌన్సెలర్ బాగ్‌లింగంపల్లిలో జరిగిన కుటుంబసభ్యుల సమావేశంలో మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వాళ్ళకి వినిపిస్తోందా? గోడకి ఆనుకుని నిలబడ్డ అన్నయ్యలు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అమ్మా, మీరు కూడా రండి, పిల్లాడు ఏడ్చినా పర్లేదు, ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు.

ఈ మధ్య మా దగ్గరకొచ్చే ఇళ్ళవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. మేడం, ఇప్పుడన్నీ ఫోన్‌లోనే అయిపోతున్నాయి కదా, మందు మానడానికి కూడా యాప్‌లు వచ్చాయంట, మావాడి ఫోన్‌లో ఒకటి వేసిచ్చేస్తే సరిపోదా, వారానికి రెండుసార్లు పని ఎగ్గొట్టి గ్రూప్‌లో కూర్చోవడం ఎందుకు అని. ఇది ఒకవైపు. ఇంకోవైపు మా గ్రూప్‌లో పాతవాళ్ళున్నారు, ఏళ్ళ తరబడి మందు ముట్టనివాళ్ళు, వాళ్ళేమంటారంటే, మేడం మా అప్పుడు ఫోన్‌లు యాడివి, మనిషిని చూసి మనిషి మారిండు, ఇప్పుడీ యాప్‌లు గీప్‌లు ఎందుకు, అసలు పోరగాళ్ళు ఖరాబయ్యేదే ఫోన్‌తోటి అంటారు. రెండు మాటల్లోనూ నిజముంది. కానీ ఇద్దరూ ఒక లెక్క మర్చిపోతున్నారు.

వారానికి ఎన్ని గంటలు? 168. మా గ్రూప్ వారానికి రెండుసార్లు, గంటన్నర చొప్పున. అంటే మూడు గంటలు. మరి మిగతా 165 గంటలు ఎవరు చూసుకుంటారు? గ్రూప్‌లో కూర్చున్నంతసేపు ఎవరికీ తలబ్, అంటే తాగాలన్న ఆ లాగుడు, రాదు, వచ్చినా పక్కన పదిమంది ఉంటారు. వచ్చేది ఎప్పుడు? సాయంత్రం పని అయిపోయాక, ట్రాఫిక్‌లో, జీతం పడ్డ రోజు, పెళ్ళి బరాత్‌లో, ఇంట్లో గొడవయ్యి మెట్ల మీద కూర్చున్నప్పుడు. అక్కడ నేనుండను, గ్రూప్ ఉండదు. జేబులో ఫోన్ ఒక్కటి ఉంటుంది. అందుకే నేను ఫోన్‌ని కాదనను. కానీ ఫోన్‌లో చేసింది ఏదైనా సరే గ్రూప్‌లోకి తిరిగి రావాలి. రాకపోతే రెండు వారాల్లో ఆ యాప్ తెరవడం ఆగిపోతుంది, నేను చూస్తూనే ఉన్నాను. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే, మిగతాదంతా దీని చుట్టూనే.

స్కిల్స్, స్కిల్స్ అంటుంటాం కదా, ఏంటవి? పెద్ద చదువేం కాదు. తలబ్ వస్తున్నప్పుడు గుర్తుపట్టడం, అది తగ్గేదాకా టైం గడపడం, తాగుదాం రా అన్నవాడికి వద్దని చెప్పగలగడం, డబ్బు చేతికొచ్చినప్పుడు ఏం చెయ్యాలో ముందే అనుకోవడం. అమెరికాలో అలన్ మార్లాట్ అనే సైకాలజిస్ట్ ఉండేవారు, మళ్ళీ తాగుడులో పడకుండా ఎలా ఉండాలన్నదే ఆయన జీవితమంతా పని. తలబ్‌ని ఆయన సముద్రంలో అలలాగా చూడమన్నారు, లేస్తుంది, ఒక చోట పైకొస్తుంది, తర్వాత దానంతటదే విరిగిపోతుంది, నువ్వు దాంతో కొట్లాడక్కర్లేదు, దాని మీద తేలు అన్నారు. మావాళ్ళు చాలామంది ఇది నమ్మరు మొదట్లో. తాగితేనే తగ్గుద్ది మేడం అంటారు. ఎందుకంటే వాళ్ళెప్పుడూ చివరిదాకా ఆగి చూడలేదు, ప్రతిసారీ మధ్యలోనే క్వార్టర్ కొట్టేశారు. చాలామందికి పదిహేను ఇరవై నిమిషాల్లో, మహా అయితే అరగంటలో ఆ తీవ్రత దిగుతుంది. ఇది నేను గ్రూప్‌లో వందసార్లు చెప్పినా ఒకటే. వాళ్ళంతట వాళ్ళు ఒక్కసారి కొలుచుకుంటే వేరు. కొలవడానికి ఫోన్ పనికొస్తుంది.

ఇప్పుడొక రికార్డు చదివి వినిపిస్తాను. ఆయన ఒప్పుకున్నాకే చదువుతున్నాను, ఆయన్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను. లిఫ్ట్‌లు రిపేర్ చేస్తారు. తెలుగు చదవడం కొంచెం కష్టం, ఇంగ్లిష్ అసలు రాదు, అందుకని యాప్ ఏమీ లేదు, ఫోన్‌లో ఉండే వాయిస్ రికార్డర్, అంతే. తలబ్ వచ్చినప్పుడు నాలుగు సంగతులు చెప్పమన్నాం, ఎక్కడున్నావ్, ఏం జరిగింది, పదికి ఎంత, ఏం చేశావ్. వినండి.

"శుక్రవారం. ఏడుంపావు. మూసాపేట సిగ్నల్ కాడ ఉన్న. పని అయిపోయింది, సేటు పైసలు సగమే ఇచ్చిండు. పదికి ఎనిమిది. నోరు ఎండుతుంది, చేతులకి చెమట పడుతుంది. ఒక్క క్వార్టరే గదా, ఎవరికి తెలుస్తది అని లోపల్నుంచి అంటుంది. బండి పక్కకి ఆపిన. పొద్దటిసంది ఏం తినలే. అరటిపండ్ల బండి ఉంది, రెండు తిన్న. అన్నకి ఫోన్ కొట్టిన, ఎత్తలే. ఇంకో అన్నకి కొట్టిన, ఎత్తిండు, మాట్లాడిన." తర్వాత ఇంకో చిన్న రికార్డింగ్. "ఏడు నలభై. ఇప్పుడు మూడు. ఇంటికి పోతున్న."

అంతే. రెండూ కలిపి నిమిషం కూడా లేదు. ఎనిమిది నుంచి మూడుకి వచ్చింది, ఇరవై అయిదు నిమిషాల్లో, తాగకుండా. ఆయన గొంతులోనే ఆయనకి రుజువు దొరికింది. నేను చెప్తే నమ్మనిది ఇప్పుడు నమ్మారు.

కానీ అసలు సంగతి మంగళవారం గ్రూప్‌లో జరిగింది. ఆయన రికార్డింగ్ వినిపించారు. ఒక కుర్రాడు అన్నాడు, అన్నా నువ్వు రూటు మార్చు, ఆ సిగ్నల్ పక్కన వైన్స్ ఉంది అని. మంచి సలహానే. అప్పుడు మా పెద్దాయన ఒకాయన, ఎక్కువ మాట్లాడరు, ఆయన అడిగారు, "సేటు సగం పైసలిచ్చినప్పుడు నువ్వేమన్నవ్ బిడ్డా?" అని. "ఏమంట, సరే అన్న." "పోయిన నెల గూడ గట్లనే సరే అన్నవ్ గదా?" అని. మా లిఫ్ట్ ఆయన తల దించుకున్నారు. ఆ రోజు గ్రూప్ మొత్తం దాని మీదే నడిచింది, పెద్దాయన సేటు అయ్యారు, ఈయన ఆయన ముందు నిలబడి నా పైసలు పూర్తిగా ఇవ్వండి అని అడగడం ప్రాక్టీస్ చేశారు. మొదటిసారి గొంతు రాలేదు. రెండోసారి అరిచేశారు. మూడోసారి మామూలుగా అడిగారు.

ఇప్పుడు చెప్పండి, ఈ పని ఏ యాప్ చేస్తుంది? తలబ్ వెనకాల వైన్స్ కాదు, అడగలేకపోవడం ఉందని ఏ యాప్ పట్టుకుంటుంది? పట్టుకోలేదు. అదే సమయంలో ఆ రికార్డింగ్ లేకపోతే మంగళవారం ఏం జరిగేది? ఈ వారం ఎట్లుంది అని నేనడిగితే, మంచిగనే ఉంది మేడం అని చెప్పి కూర్చునేవారు. అందరూ అదే చెప్తారు. అబద్ధం చెప్పాలని కాదు, శుక్రవారం నాటి తలబ్ మంగళవారానికి నిజంగానే గుర్తుండదు. గుర్తున్నా నాలుగు మాటల్లో తేలిపోతుంది. అందుకే రెండూ కావాలంటున్నాను.

ఇది నా ఒక్కదాని అనుభవమే కాదు, పరిశోధనలు కూడా జరిగాయి. యేల్ యూనివర్సిటీలో క్యాథలీన్ కారోల్ అనే సైకాలజిస్ట్ సీబీటీని, అంటే ఆలోచననీ అలవాటునీ మార్చుకునే చికిత్సని, కంప్యూటర్ పాఠాలుగా తయారుచేశారు. 2008లో ఆ ఫలితాలు వచ్చాయి, 77 మంది, 8 వారాలు. అందరికీ మామూలు చికిత్స నడుస్తూనే ఉంది, కొంతమందికి దాంతోపాటు ఈ పాఠాలు. పాఠాలు కూడా చూసినవాళ్ళ యూరిన్ టెస్టుల్లో డ్రగ్స్ తక్కువసార్లు దొరికాయి. తర్వాత 2014లో వేరేవాళ్ళు, వేరే పాఠాలతో చేసింది ఇంకా పెద్దది, 507 మంది, 10 సెంటర్లు, 12 వారాలు. అక్కడ కౌన్సెలింగ్‌లో కొంత భాగం తీసేసి ఆ టైంలో కంప్యూటర్ పాఠాలు పెట్టారు, పాఠం పూర్తిచేసినా టెస్ట్ క్లీన్‌గా వచ్చినా చిన్న బహుమతులు. మధ్యలో వదిలేసి వెళ్ళిపోయేవాళ్ళు తగ్గారు. ఎవరికి ఎక్కువ లాభం కలిగింది అంటే, చేరే రోజుకి ఇంకా వాడుతూనే ఉన్నవాళ్ళకి. అది నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది, ఎందుకంటే మనం మామూలుగా వాళ్ళనే వీడింక మారడు అని వదిలేస్తాం.

అదే 2014లో విస్కాన్సిన్ యూనివర్సిటీ వాళ్ళది ఇంకోటి, అది ఫోన్ మీదే. సెంటర్‌లోనే ఉండి చేయించుకునే రెసిడెన్షియల్ చికిత్స అయి ఇంటికెళ్తున్న 349 మందిని తీసుకున్నారు. ఇంటికెళ్ళాకే కదా అసలు పరీక్ష. ఫోన్‌లో ఒక అత్యవసర బటన్, తాగే చోట్లకి దగ్గరగా పోతే హెచ్చరిక, తనలాంటివాళ్ళతో మాట్లాడే వీలు, కౌన్సెలర్‌కి సమాచారం. నెలలో మోతాదు మించి తాగిన రోజులు సగటున, ఫోన్ ఉన్నవాళ్ళకి 1.39, లేనివాళ్ళకి 2.75. సగం. తాగుడు పూర్తిగా మాయమైందని ఎవరూ అనలేదు, సగం అయ్యింది. తాగిన ప్రతి రోజూ ఇంట్లో ఏం జరుగుతుందో ఇక్కడున్న అక్కలకి నేను చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2014లో పరీక్షించిన ఆ పాఠాల మీదే రీసెట్ అనే యాప్ తయారైంది, 2017లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దానికి అనుమతిచ్చింది. అనుమతి ఎలా ఇచ్చారో చూడండి, డాక్టర్ రాయాలి, మామూలు చికిత్సతో పాటే వాడాలి. అంత పేరొచ్చిన యాప్ తయారుచేసిన కంపెనీ 2023లో దివాలా తీసింది. కంపెనీలు పోతాయి, యాప్‌లు ఆగిపోతాయి. మనిషి ప్రాణం ఒక యాప్ మీద వేలాడకూడదు. అందుకే నేను పనిముట్టు ఎంత సాదాగా ఉంటే అంత మంచిదంటాను. రికార్డరు, అలారం, క్యాలెండరు, ఫోన్ చెయ్యదగ్గ అయిదుగురి నంబర్లు. ఇవి ఎవరూ మూసెయ్యలేరు.

ఫోన్ శుభ్రం చేసుకోవడం మాత్రం మొదటి వారంలోనే చేయిస్తాం, గ్రూప్‌లో అందరి ముందు కూర్చుని. సరుకు అమ్మేవాడి నంబర్ తీసెయ్యడం, మందు పార్టీల వాట్సాప్ గ్రూపుల్లోంచి బయటికి రావడం, యూపీఐలో రోజుకింత అని లిమిట్ తగ్గించుకోవడం. ఒక్కడే ఉన్నప్పుడు ఆ నంబర్ తీసెయ్యడానికి చెయ్యి రాదు. పక్కన నలుగురుంటే వస్తుంది. ఒక తమ్ముడు గంజాయి ఇచ్చేవాడి నంబర్ మీద వేలు పెట్టి అట్లనే కూర్చున్నాడు, చాలాసేపు, ఎవరూ తొందరపెట్టలేదు. తీసేశాక ఏడ్చాడు. ఏడవడం తప్పేం కాదు, వాడికి ఆ నంబర్ మూడేళ్ళ స్నేహం.

మా వాట్సాప్ గ్రూప్‌కి కూడా కట్టుబాట్లున్నాయి. గుడ్ మార్నింగ్ ఫార్వర్డ్‌లు వద్దు, మందు బొమ్మలు జోక్‌గా కూడా వద్దు, స్క్రీన్‌షాట్ బయటికి పోవద్దు, ఇంటివాళ్ళు ఇందులో ఉండరు. ఇంకోటి, తాగినవాడిని తీసెయ్యం. మొదట్లో కొందరు తీసెయ్యాలన్నారు, తాగినోడు ఉంటే మిగతావాళ్ళు చెడిపోతారని. తాగిన రాత్రే కదా వాడికి మనం ఎక్కువ కావాల్సింది?

ఇక రోజులు లెక్కపెట్టే యాప్‌ల గురించి గట్టిగా చెప్తాను, ఎందుకంటే ఇవే ఎక్కువమంది వేసుకుంటున్నారు. ఎన్ని రోజులు తాగలేదు అని పెద్ద అంకె చూపిస్తుంది. నలభై, యాభై, తొంభై. సంతోషంగానే ఉంటుంది. ఒక రాత్రి జారితే? తెల్లారి అంకె సున్నా. తొంభై రోజులు పోయాయి, ఇంక నా వల్ల కాదు, ఎట్లాగూ పోయింది కదా ఈ వారమంతా తాగుదాం. మార్లాట్ దీని గురించి కూడా రాశారు, మొదటి గ్లాసు కంటే ఆ గ్లాసు తర్వాత వచ్చే సిగ్గు, అంతా అయిపోయిందన్న ఆలోచన, అదే మనిషిని మళ్ళీ లోపలికి లాగుతుందని. ఇదే మనిషి గ్రూప్‌కొస్తే ఏమవుతుంది? పక్కనున్నవాడు అంటాడు, "తొంభై దినాలు నువ్వు ఉన్నవ్ గదా, అవి యాడికి పోయినయ్ రా, నీ కాడనే ఉన్నయ్" అని. ఆ ఒక్క మాట కోసం గ్రూప్‌కి రావాలి. కౌంటర్ ఉంచుకోవాలనుకుంటే ఉంచుకోండి, కానీ జారిన రోజు దాన్ని తెరవకండి, మనిషికి ఫోన్ చెయ్యండి.

ఇప్పుడు ఇంటివాళ్ళకి ఒక మాట. అమ్మా, అక్కా, ఆ రికార్డులు మీరు వినకండి. నాకు తెలుసు, మీకు భయం, ఇన్నేళ్ళు మోసపోయారు, జేబులు వెతికారు, నోరు వాసన చూశారు. కానీ మీరు వింటారని తెలిస్తే ఆయన ఎనిమిదిని రెండు అని చెప్తారు. అబద్ధం ఎక్కిన రికార్డు ఎవరికీ పనికిరాదు. ఆయన్ని ఒక్కటి అడగండి, గ్రూప్‌లో వినిపించావా అని. అంతకన్నా ఎక్కువ వద్దు.

గోప్యత మీద భయం మగవాళ్ళక్కూడా ఉంది, ముఖ్యంగా గంజాయి, ఇతర డ్రగ్స్ వాడినవాళ్ళకి. ఫోన్‌లో చెప్తే పోలీసులకి దొరికిపోతామా అని. చట్టంలో ఏముందంటే, డ్రగ్స్ మీద ఉన్న ఎన్డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ ప్రకారం, వాడినందుకో తక్కువ మోతాదు దొరికినందుకో కేసున్న బానిస తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో గుర్తింపు ఉన్న చోటో చికిత్సకి వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది, చికిత్స పూర్తిచెయ్యాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో 23వ సెక్షన్ రోగి వివరాలు బయటపెట్టకుండా కాపాడుతుంది, మందు, డ్రగ్స్ వల్ల వచ్చే సమస్యలు కూడా ఆ చట్టంలోకే వస్తాయి. కానీ అది చికిత్స ఇచ్చేవాళ్ళకి. ఏదో ఒక యాప్ డౌన్‌లోడ్ చేసి మన బాధంతా దాంట్లో పోస్తే అది ఎక్కడికి పోతుందో మనకేం తెలుసు? అమెరికాలో మందు మాన్పించే ఒక ఆన్‌లైన్ కంపెనీ తన దగ్గరికొచ్చినవాళ్ళ వివరాలు ప్రకటనల కంపెనీలకి ఇచ్చిందని 2024లో అక్కడి ప్రభుత్వం చర్య తీసుకుంది. కాబట్టి కాంటాక్టులు, లొకేషన్ అడిగితే వద్దనండి, అసలు పేరు పెట్టకండి, ఫోన్‌కి లాక్ వెయ్యండి.

అక్కడ చెయ్యెత్తారు, చెప్పండమ్మా. ఆఁ, మీ ఆయన కల్లు తాగుతారు, రేపటి నుంచి మానిపించి యాప్ పెట్టమంటారా అని. మంచిపని చేశారు అడిగి, ఇది అందరూ వినండి. వద్దమ్మా, రేపే ఉన్నట్టుండి ఆపొద్దు. మన దగ్గర కాంపౌండ్లలో దొరికే కల్లులో చాలాచోట్ల అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతున్నారు. ఏళ్ళ తరబడి అది తాగినవాళ్ళు ఒక్కసారి ఆపితే ఫిట్స్ వస్తాయి, పిచ్చిపిచ్చిగా మాట్లాడతారు, లేనివాళ్ళు కనిపిస్తారు. రోజూ ఎక్కువగా మందు తాగేవాళ్ళకి కూడా అంతే, ఆపిన రెండో రోజు, మూడో రోజు ప్రాణం మీదకి రావచ్చు. ముందు డాక్టర్ చూడాలి, మందులిచ్చి మెల్లగా దింపాలి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్ళండి, అక్కడికి పోతే పిచ్చోళ్ళంటారని సిగ్గుపడకండి. ఫోన్‌లో అడగాలంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ 14416, డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446. ఒళ్ళు కుదుటపడ్డాక గ్రూప్, ఆ తర్వాత ఫోన్ రికార్డులు. ఈ వరస తప్పొద్దు.

ఎయిమ్స్ వాళ్ళు దేశమంతా చేసి, 2019లో బయటపెట్టిన సర్వేలో తేలింది, మందుకి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందుతోందని. మిగతా 37 మంది ఎక్కడున్నారు? అంతమందిని చూడ్డానికి సరిపడా సైకియాట్రిస్టులు మనకి లేరు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఒక ట్రయల్ చేశారు, 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, డాక్టర్లు కాని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి కౌన్సెలింగ్ చేయిస్తే తాగుడు తగ్గింది. అది చదివినప్పట్నుంచీ నాకొక ఆశ, మా గ్రూప్‌లో కుదురుకున్నవాళ్ళు ఫోన్ పట్టుకుని ఇంకో బస్తీలో గ్రూప్ నడపగలరని. తెలుగులో, మన యాసలో, రెండు నిమిషాల వాయిస్ పాఠాలు కావాలి. తలబ్ వస్తే ఏం చెయ్యాలి, దావత్‌లో ఎట్లా వద్దనాలి, ఇట్లాంటివి. మా పాతవాళ్ళే, ఫోన్ వద్దన్నవాళ్ళే, ఇప్పుడు కూర్చుని రికార్డ్ చేస్తున్నారు, వాళ్ళ గొంతుతో చెప్తే కొత్తవాళ్ళు వింటున్నారు.

చివరి ప్రశ్న, అక్కడ ఆ చెల్లె. ఆడవాళ్ళకి కూడా గ్రూప్ ఉందా అని. ఉందమ్మా, వేరేగా, మధ్యాహ్నం పూట, పిల్లలు స్కూల్లో ఉన్న టైంలో. ఆడవాళ్ళకి ఇల్లు దాటి రావడమే కష్టం, కాబట్టి ఫోన్ వాళ్ళకి ఇంకా ఎక్కువ అవసరం, కానీ చాలా ఇళ్ళల్లో ఫోన్ ఒక్కటే, అది భర్త చేతిలో ఉంటుంది. అందుకని వాళ్ళకి మేం ముందు చిన్న కాగితం ఇస్తాం, గీతలు పెట్టుకోవడమే, ఎవరు చూసినా పాల లెక్క అనుకుంటారు. గ్రూప్‌కొచ్చాక ఒక్కో గీతకీ కథ చెప్తారు. వివరాలు కావాలంటే ముందు వరసలో పచ్చ చీర కట్టుకున్నావిడ మా సోషల్ వర్కర్, ఆమె దగ్గరికెళ్ళండి, పేరు కూడా చెప్పక్కర్లేదు. టీ బయట పెట్టారు, తాగి వెళ్ళండి.